గోడలోని ఖాళీ

"రాత్రి నా చెంబులో నీళ్లు తాగింది నువ్వే గదా?" అని సుబ్బలక్ష్మమ్మ కోడలిని నిలదీసింది.

"నేను గాదత్తా," అంది కాలేజీ చదివిన యశోద.

"అయితే గోడ తాగిందేమే?"

"గోడ ఉత్త ఖాళీనే గదా అత్తా. సూర్యుడికీ గ్రహాలకూ నడుమ ఎంత ఖాళీ ఉండాదో, గోడలోని అణువులోనూ అట్లే ఉండాది."

ఆ గోడ అవతలిది మగ్గం గది. పట్టుచీర పాడుచేసిందని సుబ్బలక్ష్మమ్మ పెద్దకోడల్ని అందులో పెట్టి గొళ్లెం వేసింది. ఆమె నీళ్లకోసం అరిచి అరిచి చచ్చిపోయింది. జ్వరమని ధర్మవరమంతా నమ్మింది, చనిపోయినామె చెల్లెలు యశోద తప్ప.

యుద్ధం రోజులు, దీపానికి కిరసనాయిలు లేదు. యశోద ఆ మాటన్న రాత్రి చీకట్లో మగ్గం ఒక్కసారి టక్కుమంది. సుబ్బలక్ష్మమ్మ చెవి పక్కనే ఎవరో గటగటా నీళ్లు తాగారు.

మర్నాటి రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నాక, యశోద వడ్డిస్తూ చెప్పింది.

"ఈ రాత్రి నుంచి చెంబు పెట్టను. దప్పికైతే అక్క నిన్నే అడుగుతాదిలే అత్తా."