వానల్లో మోడయ్యే చెట్టు

చెట్లనూ మనుషులనూ ఎగిరే యంత్రాలే లెక్కపెడుతున్న రోజులవి. తగినన్ని చెట్లు లేని ఊళ్లో జనం ఉండకూడదన్నది నియమం. నైజర్‌లో ఇసుక నేలల మధ్య ఉన్న ఆ ఊరికి యంత్రం వానాకాలంలో వచ్చింది. అది ముసలి హాదిజా వాళ్ల సజ్జచేల మీద ఒక చుట్టు తిరిగి, "మూడు వందల చెట్లూ చచ్చిపోయాయి. ఊరు ఖాళీ చేయండి," అంది.

"నీ కళ్లు పోను! గావో చెట్టు వానల్లో ఆకు రాల్చి ఎండల్లో పచ్చబడుతుంది. అందుకేగా దాని కింద సజ్జ పండేది! మార్చిలో రా, చూపిస్తాను," అంది హాదిజా.

"దాంతో వాదనేంటి పిన్నీ?" అంటూ పక్కింటి సానూసి మూట కట్టాడు. హాదిజా ఆ మూట లాక్కుని దాని మీదే కూర్చుంది.

మార్చిలో యంత్రం మళ్లీ వచ్చింది. చుట్టూ కనుచూపు మేర గడ్డిపోచ లేదు. నడుమ మూడు వందల గావో చెట్లు దట్టంగా, పచ్చగా నిలబడి ఉన్నాయి. ఊరంతా వాటి నీడలోనే ఉంది. యంత్రం మూడుసార్లు లెక్కపెట్టుకుంది.

"అన్నీ బతికే ఉన్నాయి. జనం ఎంతమంది?"

హాదిజా కోడలి నిండు కడుపు మీద చెయ్యి వేసింది.

"నూట నలభై రాసుకో. పక్కన ఇంకొకరికి చోటుంచు."