గడువు దాటేదాకా

ఆర్డిస్‌ను ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టాలంటే ముందు ఆమెను ఎక్కడికీ కదలనివ్వకూడదని వెండెల్ నిశ్చయించుకున్నాడు.

షెరీఫ్ వేలంలో ఇల్లు అతనికి కారుచౌకగా దొరికింది. ఆర్డిస్ స్కూలు బస్సు నడుపుతుంది. భర్త జబ్బుకు ఉన్నదంతా ఊడ్చిపెట్టాక ఇంటి వాయిదాలు కట్టలేకపోయింది. బ్యాంకు ఇల్లు వేలం వేయించింది. అయితే మిషిగన్‌లో పాట పాడినంతమాత్రాన ఇల్లు చేతికి రాదు. పోగొట్టుకున్న మనిషికి ఆరు నెలల గడువుంటుంది. ఆలోపు పాట సొమ్ము వడ్డీతో సహా కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. అందాకా హాయిగా అందులోనే ఉండొచ్చు.

ఇలాంటివి వెండెల్ చాలా చూశాడు. బెదిరించామా, జనం లాయర్ల దగ్గరికీ చుట్టాల దగ్గరికీ పరుగెత్తుతారు, ఎక్కడో అక్కడ డబ్బు పుట్టిస్తారు. అదే బుజ్జగిస్తే నమ్మి ఇంటిపట్టున కూర్చుంటారు. ఈలోగా గడువు దాటిపోతుంది.

అందుకని ఒక వానరోజు చెర్రీ పై అనే తీపి రొట్టె కొనుక్కుని ఆమె ఇంటికి వెళ్ళాడు.

ఆర్డిస్ తలుపు సగమే తెరిచింది. "ఖాళీ చెయ్యమనడానికి వచ్చావా?"

"ఛ, అవేం మాటలమ్మా! మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు. గడువయ్యాక కూడా ఇక్కడే ఉండండి. మీకు తోచిన అద్దె ఇద్దురుగాని."

"నిజంగానా?"

"మా అమ్మ మీద ఒట్టు. అనవసరంగా అప్పుల కోసం తిరిగి అందరి చేతా మాటలు పడకండి."

అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంది. హాల్లో కప్పు కారుతున్న మూడుచోట్ల గిన్నెలు పెట్టి ఉన్నాయి. "ఆ కుర్చీలో కూర్చోకు నాయనా, నెత్తిన పడుతుంది," అంది ఆర్డిస్. పై కోసి అతనికో ముక్క పెట్టి నిట్టూర్చింది. "నువ్వు ఉండమన్నావు, సంతోషం. కానీ ఈ కప్పు కింద చలికాలం గడిచేదెలా? మా చెల్లెలు టొలెడో వచ్చెయ్యమంటోంది. వాళ్ళాయన బాగా డబ్బున్నవాడు. వెళ్ళి ఆయన్ని అడిగితే ఏమైనా..."

వెండెల్ నోట్లోని పై ముక్కను గబుక్కున మింగేశాడు.

"అంతదూరం ఎందుకమ్మా? ఈ కప్పు సంగతి నాకొదిలెయ్యండి."

మర్నాడు అతని బావమరిది లైల్ నిచ్చెన వేసుకుని ఎక్కి చూసి, తల గోక్కుంటూ దిగాడు. "సగం చెక్కలు కుళ్ళిపోయాయి బావా. మొత్తం పీకి కొత్తది వెయ్యాలి. ఒకవేళ ఈవిడ గడువులోపు ఇల్లు విడిపించుకుందనుకో, నీ పాట డబ్బు నీకొస్తుంది గానీ కప్పు ఖర్చులో ఒక్క డాలరు రాదు. తెలుసుగా?"

"తెలుసురా. ఆవిడ మొహం చూడు, పరుపు కింద ఇరవై డాలర్లుంటే గొప్ప. ఈ కప్పు ఆవిడకేంట్రా, నాకే."

నిజానికి ఆ ఇల్లు మంచి ధరకు అమ్ముతానని వెండెల్ ఒక పళ్ళ డాక్టరు దగ్గర అప్పుడే బయానా కూడా పుచ్చుకున్నాడు. ఇల్లింకా తనది కాలేదన్న ముక్క మాత్రం ఆయనకు చెప్పలేదు. ఆ బయానా అంతా కప్పు మీదికెక్కింది.

మంచు మొదలయ్యేసరికి హీటరు దగ్గడం మొదలెట్టింది. ఆర్డిస్ మళ్ళీ చెల్లెల్ని తలుచుకుంది. వెండెల్ కొత్త హీటరు పెట్టించాడు. పని జరిగినన్నాళ్ళూ ఆమె అందరికీ వేడివేడి సూప్ పోసింది, పేకాటలో లైల్‌ను చిత్తుగా ఓడించింది. "నీలాంటివాడు లక్షకొకడుంటాడు," అని ఒకరోజు వెండెల్ భుజం తట్టింది. అతనికి కాస్త సిగ్గేసింది. ఇంటికెళ్ళేదాకా ఉండి, తర్వాత తగ్గిపోయింది.

గడువు ముగిసిన మర్నాడు పొద్దున్నే, లైల్‌నూ కొత్త తాళాలనూ వెంటబెట్టుకుని, మొహం దిగాలుగా పెట్టుకుని వెళ్ళాడు.

"ఏం చెయ్యనమ్మా, నాకు ఉంచాలనే ఉంది గానీ, చట్టప్రకారం..."

"చట్టప్రకారమే నాయనా," అంది ఆర్డిస్. "నిన్న మధ్యాహ్నమే కట్టేశాను. నీ పాట సొమ్మూ వడ్డీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్నాయి, వెళ్ళి తెచ్చుకో."

వెనకాల లైల్ చప్పుడు చెయ్యకుండా తాళాలు జేబులో వేసుకున్నాడు.

"కట్టేశారా?" అన్నాడు వెండెల్. "మీ మరిదిచ్చాడా?"

"వాడా! వాడికి సిగరెట్లు కూడా నా చెల్లెలే కొనిపెడుతుంది."

"మరి ఎవరిచ్చారు?"

"మా డ్రైవర్ల సహకార సంఘం."

"వేలంలో పోయిన ఇంటిమీద అప్పిచ్చారా? వాళ్ళకేమైనా మతిపోయిందా?"

"వేలమైన మర్నాడే వెళ్ళి అడిగాను. పాపం, ఇస్తామనే అన్నారు," అంది ఆర్డిస్. "కాకపోతే కురిసే ఇంటిమీద ఇవ్వలేం, ముందు కొత్త కప్పు వేయించుకుని రమ్మన్నారు."