సామాన్ల గదిలో పెట్టె

“ఆ సంచి ఇక్కడ బోర్లించు,” అన్నాడు మరిది.

ఆయా సంచిని గుండెకి హత్తుకుంది. “బోర్లిస్తాను బాబూ. అందులో లేకపోతే ఏం చేస్తారు?”

హాల్లో గాజు బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. పోయిన మామగారి చేతి గడియారం ఉండాల్సిన చోట మఖమల్ గుడ్డ మీద గుంట మాత్రం మిగిలింది. మంచాన పడ్డ అత్తగారిని చూసుకోవడానికి వచ్చిన ఆయా ఒక్కతే ఆ ఇంట్లో కొత్త మనిషి. అనుమానానికి అది చాలింది.

“మెల్లగా మాట్లాడండి. అమ్మ నిద్రపోతోంది. వింటే తట్టుకోలేదు,” అన్నాడు భర్త.

“నాన్చుడు దేనికి అన్నయ్యా? పోలీసులకి ఫోన్ చెయ్యి.”

భర్త ఫోన్ తీశాడు. కోడలు అడ్డం వచ్చింది. “ఆగండి. ముందు కెమెరా చూద్దాం.”

“ఎప్పుడు పోయిందో మనకే తెలీదు వదినా. కెమెరాలో కార్డు వారం తిరక్కుండా పాతవన్నీ చెరిపేస్తుంది.”

“కార్డులోవి పోతాయి. పెట్టెలోవి ఉంటాయి.”

భర్త ముఖం చిట్లించాడు. సామాన్ల గదిలో రూటరు పక్కన గుయ్యిమంటూ ఉండే ఆ స్టోరేజ్ పెట్టె అంటే ఆయనకి మొదట్నించీ వేళాకోళమే. ఇంట్లో కెమెరాలు తీసే వీడియోలన్నీ నెట్‌వర్క్ మీదుగా దాంట్లోకి చేరి భద్రంగా ఉండేలా ఆమె కూర్చుని అమర్చుకుంటుంటే, “మనింటి చరిత్ర ఎవడు చూస్తాడు?” అని నవ్వాడు.

ఆమె భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి రికార్డింగు వెనక్కి జరిపింది. నిన్న, గడియారం లేదు. పోయిన వారం, లేదు. నెల మొదట్లో, ఉంది. అక్కణ్ణుంచి ముందుకి నడిపించింది.

తెర మీద మరిది వచ్చాడు. బీరువా తెరిచి, గడియారం తీసి మణికట్టుకి పెట్టుకున్నాడు.

భర్త తల తిప్పి తమ్ముణ్ణి చూశాడు.

“ఊరికే పెట్టుకు చూశాను. నాన్నది కదా అని.” మరిది తెర వైపు వేలు చూపించాడు. “పూర్తిగా చూడు వదినా.”

తెర మీది మరిది గడియారాన్ని చొక్కా అంచుతో తుడిచి, లోపల పెట్టి తలుపు వేశాడు. ఇక్కడి మరిది గట్టిగా ఊపిరి వదిలాడు.

రికార్డింగులో మర్నాటి మధ్యాహ్నం. ఆయా తడిబట్టల బకెట్టు పట్టుకుని డాబా మెట్లెక్కింది. గడియారం ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ ఆమె ఖాళీ బకెట్టుతో మెట్లు దిగి, బీరువా వైపు చూడకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటికి గడియారం లేదు.

“ఆమె పైన ఉండగానే పోయింది,” అంది కోడలు. ఆమె గొంతులో గెలుపు దాగలేదు.

మరిది కుర్చీ లాగి ఆయా ముందు పెట్టాడు. “కూర్చోమ్మా. నోరు జారాను.”

ఆయా కూర్చోలేదు. కళ్ళు తుడుచుకుని ఆమె కూడా తెర దగ్గరికి వచ్చింది.

“ఆ వేళప్పుడు మేమిద్దరం ఆఫీసులో ఉన్నాం, నువ్వూ బయటే,” అన్నాడు భర్త తమ్ముడితో. “వీధి తలుపు గడియ వేసే ఉంది. మరి ఇంట్లోకి ఎవరొచ్చినట్టు?”

కోడలు రికార్డింగుని మళ్ళీ వెనక్కి జరిపింది. ఖాళీ హాలు. గోడ మీద ఒక నీడ కదిలింది. ఒక చెయ్యి గోడని తడుముకుంటూ వచ్చి, బీరువా తలుపు తెరిచి, గడియారాన్ని అందుకుంది.

ఆయా సంచి జారి కిందపడింది. అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు.

కర్ర లేదు, ఆసరాకి మనిషి లేదు; ఇక ఈ జన్మలో లేచి నడవరని డాక్టర్లు తేల్చేసిన అత్తగారు, మామగారి గడియారాన్ని చెవికి ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తన గదికి నడిచి వెళుతున్నారు.