గరిటెడు రుచి

"బోరు నీళ్ళు పాడయ్యాయమ్మా, అంతే!" అన్నాడు ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపే బావ.

వార్డు నిండా సమ్మె చేస్తున్న కార్మికులే, వాంతులతో మెలికలు తిరుగుతున్నారు. డాక్టరు మరదలికి ఒళ్ళు మండిపోయింది.

"ఆ నీళ్ళు ఆఫీసువాళ్ళూ తాగారుగా! వాళ్ళకి కడుపునొప్పైనా లేదే? సమ్మెవాళ్ళనే ఏరి పట్టుకోమని రోగానికి ఎవరు చెప్పారు బావా?"

"నాకేం తెలుసు? మేనేజరు పొయ్యమంటే, పాపం ఎండలో కూర్చున్నారని పళ్ళరసం పోశాను. మంచికి పోతే నాకే నిందా?"

ఆమె అతని నిండు బొజ్జ వంక చూసింది. సముద్రాన్నయినా గరిటెడు రుచి చూసి, ఉప్పు సరిపోయిందన్నాకే వడ్డించే మనిషి!

"మరి నువ్వు నిక్షేపంగా ఉన్నావేం? ఆ పళ్ళరసం రుచి చూడలేదా?"

బావ మెల్లగా తలుపు వైపు జరిగాడు.

"పోలీసులకి నేను చెప్తాను," అంటూ ఆమె ఫోను తీసింది. "అక్కకి నువ్వే చెప్పుకో!"