ఆరు స్టీలు డబ్బాలు

ఇప్పుడు ప్రతి పిల్ల మణికట్టుకీ ఒక పట్టీ కడుతున్నారు. స్కాన్ తీసినప్పుడల్లా అది కొంత ఎర్రబడుతుంది. పూర్తిగా ఎర్రబడితే ఏ స్కాన్ మిషనూ ఆ పిల్లకి పని చేయదు.

నా మనవరాలు హైమ మేడ మెట్ల మీంచి పడింది. తలకి దెబ్బ తగిలి మత్తుగా తూగుతుంటే ఎత్తుకుని ఆసుపత్రికి పోయాను.

మిషన్ దగ్గరి అమ్మాయి పట్టీ చూసింది.

"దీని కోటా అయిపోయింది తాతా. ఆరేళ్ల పిల్లకి ఇన్ని స్కాన్లా? డబ్బాల కోసం తిప్పావా?"

నిజమే. వీధిలో స్కాన్ శిబిరం పెట్టినప్పుడల్లా స్కానుకో స్టీలు డబ్బా ఇచ్చేవారు. జలుబని ఒకసారి, దగ్గని ఒకసారి, ఏమీ లేకున్నా నాలుగుసార్లు తీసుకెళ్లాను.

"పిల్లలకి మిషన్లు ఎక్కువ వాడకుండా ఆ కోటా పెట్టామన్నారు కదమ్మా. పిల్లని ఆపడానికి కాదుగా."

"అదప్పటి మాట. పదేళ్లు నిండితే కోటా పెరుగుద్ది, అప్పుడు తీసుకురా."

"తలలో రక్తం అప్పటిదాకా ఆగుద్దా?"

ఆమె వెనకున్న పిల్లని రమ్మంది. హైమకి వాంతి వచ్చింది. సంచిలో పాలు తెచ్చిన స్టీలు డబ్బా ఉంటే, పాలు ఒంపేసి నోటి కింద పట్టాను. దాని పెళ్లికి పనికొస్తాయని ఆరు డబ్బాల మీదా హైమ పేరు నేనే కొట్టించాను.