మనుషులు తిరిగే వీధి

“నలభై అంతస్తులు కట్టారు. ఇంకా ఇది ఊరు కాదంటావేంటి?” కారు తాళాలు చేతిలో ఆడిస్తూ విసుక్కున్నాడు భర్త.

“ఎత్తుగా ఉంటే ఊరైపోతుందా? అలాగైతే సెల్ టవర్ కూడా ఊరే,” అంది భార్య.

ఫ్లాట్లు అమ్మే అతను మాత్రం నవ్వు చెదరనివ్వలేదు. ఆ నవ్వు కంపెనీ ఇచ్చింది. డ్యూటీలో ఉండగా తీసేయడానికి వీల్లేదు.

భర్తకి అప్పటికే తల ప్రాణం తోకకొచ్చింది. చూసిన ప్రతి ఫ్లాటుకీ ఆవిడ ఏదో ఒక వంక పెట్టింది. అసలు వంక మాత్రం ఒక్కటే. ఎక్కడికి వెళ్ళినా ఎనిమిది వరసల రోడ్డు, పక్కన ఆకాశంలోకి పొడుచుకుపోయిన టవర్లు, వాటి కాళ్ళ దగ్గర కార్లు. నడిచేందుకు జానెడు బాట ఉండదు. ఉల్లిపాయలు కావాలన్నా కారు తియ్యాలి, తలనొప్పి బిళ్ళ కావాలన్నా కారు తియ్యాలి. ఆవిడకేమో కారు నడపడం రాదు. నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

“పొద్దున్నే మీరు కారేసుకుని పోతారు. సాయంత్రం దాకా నేను మబ్బులతో మాట్లాడుకోవాలా? కిందికి దిగితే నాలుగు మొహాలు కనపడాలండీ. నేనడిగేది అంతే.”

“మహాతల్లీ, మనుషుల్ని కూడా ఫ్లాటుతో కలిపి రిజిస్టర్ చేయించమంటావా?”

“మేడం, ఒక్కసారి వెనక వీధి చూడండి. తర్వాత మీ ఇష్టం,” అన్నాడు అమ్మే అతను.

టవర్ల వెనక్కి తిరిగేసరికి ఆవిడ టక్కున ఆగిపోయింది. రాళ్ళు పరిచిన సన్నటి వీధి. చెట్ల కింద బెంచీలు. ఒక పెద్దాయన పేపరు చదువుతున్నాడు. కాఫీ షాపు ముందు ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని పడీ పడీ నవ్వుకుంటున్నారు. కూరగాయల సంచీతో ఒకావిడ తీరిగ్గా నడిచొస్తోంది. ఇంతకాలం వెతికిన తీగ కాలికి తగిలినట్టే ఉంది.

అయినా ఆవిడ అంత తేలిగ్గా బుట్టలో పడే రకం కాదు. “అమ్మేవాడు రమ్మన్నప్పుడు కాదు, చెప్పకుండా వచ్చి చూడాలి,” అంది.

మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా వచ్చారు. మనుషులున్నారు. ఆదివారం సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఇంకా ఎక్కువమంది ఉన్నారు. భర్త పళ్ళు నూరుకుంటూ కారు దగ్గరే నిలబడ్డాడు. ఆవిడ సూటిగా కూరగాయల సంచీ ఆవిడ దగ్గరికే వెళ్ళింది.

“రోజూ వస్తారా అక్కా?”

“రాకపోతే ఎలాగమ్మా?”

“ఎండలో కూడానా?”

“ఎండైనా వానైనా తప్పదు. మొదట్లో కాళ్ళు లాగేవి. ఇప్పుడు అలవాటైపోయింది.”

భార్య మొహం వెలిగిపోయింది. “మీలాంటి తోడుంటే ఇంకేం కావాలి! మేం ఇక్కడికొస్తే నాతో కలిసి నడుస్తారా?”

సంచీ ఆవిడ అటూ ఇటూ చూసింది. సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. “నేనున్నంతవరకూ నడుస్తానమ్మా,” అంది.

“అబ్బ, అవేం మాటలక్కా! నిండా నూరేళ్ళు ఉంటారు,” అని భార్య ఆవిడ చెయ్యి పట్టుకుంది.

కారు దగ్గరికి తిరిగొచ్చాక భర్త గొణిగాడు. “ఆ పెద్దాయన ఇందాకట్నుంచీ ఒకే పేజీ చదువుతున్నాడు.”

“మీరు అది కూడా చదవరు. పదండి, సంతకం పెడదాం.”

ఆ మాటతో ఆయన విసుగంతా ఎగిరిపోయింది. ఆవిడ మనసు మార్చుకునేలోపు, కాయితాలు చదవకుండానే ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేశాడు. ఉన్న ఇల్లు అమ్మేశారు. ఇక వెనక్కి వెళ్దామన్నా వెళ్ళడానికి చోటు లేదు.

సామాను దిగిన సాయంత్రం, పెట్టెలు ఇంకా కట్లు విప్పకుండానే ఉన్నాయి. ఆవిడ వంటింటి పెట్టె ఒక్కటి విప్పి, కాఫీ కలిపి, ఫ్లాస్కులో పోసి, రెండు కప్పులు తీసుకుని బయల్దేరింది.

“ఈ పెట్టెలన్నీ ఎవరు సర్దుతారు?” నేల మీద పరుపేసుకుని పడుకున్న భర్త అరిచాడు.

“పెట్టెలు ఎక్కడికీ పోవు. అక్క వెళ్ళిపోతుంది!”

లిఫ్టులో నలుగురున్నారు. నలుగురి చేతుల్లోనూ కారు తాళాలే, నలుగురూ వెళ్ళేది కింద పార్కింగుకే. పలకరింపుగా నవ్వితే, ఇదెవర్రా బాబూ అన్నట్టు చూసి ఫోన్లలోకి దిగిపోయారు. ఆవిడకి ఒళ్ళు మండింది. పోనీలే, తన మనుషులు తనకున్నారనుకుంది.

వెనక వీధిలో నరమానవుడు లేడు. బెంచీలన్నీ ఖాళీ. కాఫీ షాపు షట్టరు దించేసి ఉంది. కాసేపు కూర్చుంది, లేచి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. టవర్లకి అటుపక్క కార్ల రొద తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆవిడకి భయమేసింది.

వీధి చివర కుర్చీలో వాచ్‌మన్ కనిపించాడు. గబగబా అతని దగ్గరికి వెళ్ళింది.

“ఏం బాబూ, ఏమన్నా జరిగిందా ఇక్కడ? రోజూ తిరిగేవాళ్ళు ఒక్కరూ కనపడరేంటి?”

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

“మీదే ఆఖరి ఫ్లాటు కదమ్మా! అమ్మకాలైపోయాయని వాళ్ళందర్నీ కంపెనీ కొత్త సైటుకి మార్చేసింది.”