ఏటి అవతలి ఊరు

“సార్, ఈయప్పను యాడ సూసినారు?”

సునీత వేలు బొమ్మకు తగలబోయింది. డ్రాయింగ్ మాస్టారు ఉమేష్ కంగారుగా అడ్డం వచ్చాడు. ఆదోనిలో స్కూలు పిల్లల బొమ్మల ప్రదర్శన అది. కూతురి బొమ్మ చూడటానికి వచ్చిన సునీత, మాస్టారు వేసిన పెద్ద బొమ్మ ముందు నిలబడిపోయింది. తెల్లవారుజాము మంచులో తుంగభద్ర, ఒడ్డున చిన్న ఊరు.

“ఎవర్నమ్మా?”

“ఎర్ర తువాలు సుట్టుకున్నాడే, ఆయప్ప. మా ఇంటాయన. నాతో కొట్లాడి పోయినోడు మూడేండ్లాయ, మళ్లీ రాల్యా.”

ఉమేష్ నవ్వాడు. “అది మనిషి కాదమ్మా, కుంచెతో రెండుసార్లు అద్దిన రంగు. ఇంప్రెషనిస్టు పద్ధతి అంటారు దీన్ని. దగ్గరికొచ్చి చూడు, అంతా రంగు మచ్చలే.”

“దగ్గరికొద్దు సార్. మీరే ఎనక్కి రాండి.”

అతను వెనక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి చూస్తే బొమ్మలో ఎడమ భుజం కాస్త వంగిన మనిషి ఒకడు నీళ్లవైపు నడుస్తున్నాడు. ఉమేష్ నవ్వు ఆగిపోయింది.

“ఆ ఊరు యాడుంది సార్?”

“ఎమ్మిగనూరు దాటినాక, ఏటి అవతల. పోయిన నెలే ఇవతలి గట్టున కూర్చొని, చూసి వేసినాను.”

“అయితే బతికే ఉండాడు!”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి, ఆటో పట్టుకుని ఏటికి చేరారు. సునీత సంచిలో భర్త చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి ఉంది.

ఉమేష్ కూర్చున్న బండ అక్కడే ఉంది. అవతలి ఒడ్డున మాత్రం ఊరు లేదు. ఇసుక, బండలు, తుమ్మకంప.

“ఈడేనా సార్?”

“ఈడేనమ్మా. ఇళ్లు, పొయ్యిల పొగ, నీళ్లకొచ్చిన మనుషులు... అంతా ఈ కళ్లతోనే చూసినాను.”

గట్టున ఏరు దాటించే పుట్టి బోర్లించి తారు పూస్తున్న ముసలాయన, హుసేనప్ప, తలెత్తాడు.

“ఆ ఊరా అప్పా? నా సిన్నప్పుడే వరదకు కొట్టుకపోయింది. ఒక్క గోడ మిగల్యా.”

ఉమేష్ సెల్‌ఫోన్‌లో బొమ్మ తీసి చూపించాడు. ముసలాయన ఫోను అందుకుని, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

“ఈ ఎర్ర తువాలాయన్ను ఎప్పుడన్నా సూసినావా తాతా?” ఆశగా అడిగింది సునీత.

“ఈయప్పను నేనెరగను తల్లీ,” అన్నాడు హుసేనప్ప. “పక్కన బిందె ఎత్తుకుంటాండేది మాయమ్మ. ఆ వరదలోనే పోయింది.”